పలుపు రెండో కొస

గోడ గడియారం ఆగిపోయి చాలా కాలమైంది, సెల్‌ఫోన్ ఎక్కడ పెట్టిందో గుర్తు లేదు, అయినా మూడైందని కొమురమ్మకు తెలిసిపోయింది, ఎందుకంటే మోతి లేచింది. అంతవరకు గడప పక్కన ముందుకాళ్ల మీద మూతి ఆనించి పడుకున్న కుక్క ఒళ్లు విరుచుకుని, చెవులు టపటపా దులుపుకుని, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుగా వాకిట్లోకి దిగి కొట్టం వైపు నడిచింది. దాని వెనకే ఆయన. బాలనర్సింహ. మోకాలు పట్టుకుని లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా, కుక్క ముందు, తను వెనక. పిండడానికి ఒక్క బర్రె లేదు, కట్టుగుంజలన్నీ ఖాళీ, పాలక్యాన్లు అటక మీద బోర్లించి ఉన్నాయి, అయినా మూడైతే చాలు, ఇద్దరూ డ్యూటీకి బయలుదేరతారు. నాలుగింటికి కూతురు పూజిత, అల్లుడు అభిషేక్ కారు తీసుకుని వస్తారు. తలుపు పక్కన రెండు సంచులు, ఒక బుట్ట సిద్ధంగా ఉన్నాయి. బాపట్ల దాటాక సముద్రం ఉందట, అక్కడ మూడు రోజులు. మరి ఆ రెండో సంచిలో మడతపెట్టిన లుంగీలూ చొక్కాలూ ఎవరి కోసం సర్దినట్టు? గంట కింద అన్నం తింటూ, చారు పోసుకుంటూ, ఎంత నింపాదిగా అన్నాడు, "మీరు పోయి రాండ్రి. నేను మోతితోని ఉంట," అని.

మోతితోని ఉంట. కొమురమ్మ గడప మీద కూలబడింది, కూర్చోవడం కాదు, కూలబడడమే, ఆ తేడా ఆమె నడుముకు తెలుసు. ముప్పైరెండేళ్లు. ముప్పైరెండేళ్లలో తామిద్దరూ కలిసి ఒక్క రాత్రి కూడా ఈ ఇంటి బయట నిద్రపోలేదని చెబితే పూజిత అత్తగారు నమ్మలేదు, "ఊకె చెప్తున్నవు వదినా" అని నవ్వింది. నమ్మకపోతే మానె. బర్రెల ఇంట్లో అంతే. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, పొదుగు కింద చెయ్యి పడాల్సిందే. ఇవాళ పండగ అని చెప్పినా, చావు అని చెప్పినా, వానకు గల్లీ అంతా మునిగిందని చెప్పినా బర్రె వినదు. అందుకని ఒకరు వెళ్తే ఒకరు ఉండాలి. తిరుపతికి ఆమె ఆడబిడ్డలతో వెళ్లింది, ఆయన ఉన్నాడు. యాదగిరిగుట్టకు ఆయన వెళ్లాడు, ఆమె ఉంది. తమ్ముడి పెళ్లిలో ఒక పక్క తలంబ్రాలు పోస్తుంటే ఇంకో పక్క ఈయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఎక్కడికి తీసుకెళ్లినా అంతే, కూర్చున్నంతసేపు కూర్చుని, ఒంటిగంట దాటగానే చూపు గుమ్మం వైపు తిరిగేది, "నా చెప్పులేవి" అనేవాడు. ఆ రెండు ముక్కలు ఆమె ఎన్ని వందల సార్లు విన్నదో. అమ్మ పోయిన రోజు కూడా. గుడిమల్కాపూర్‌లో, జీవితమంతా పూలు అల్లిన అమ్మను వాకిట్లో పూల మధ్యే పడుకోబెట్టారు, ఈయన వచ్చాడు, దండ వేశాడు, కళ్లు తుడుచుకున్నాడు, పక్కన నిలబడ్డాడు, ఇంకా ఎత్తనే లేదు, చెవి దగ్గరికి వంగి "పోతున్న, యాళ్లయితాంది" అన్నాడు. సాయంత్రం మళ్లీ వచ్చాడు, రొప్పుతూ, చేతులకు పాలవాసనతో. అప్పటికి అంతా అయిపోయింది. ఆమె అలిగిందా అంటే అలిగింది. కానీ అలగడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా, ఆయన ఎప్పుడు చూసినా బర్రె వైపు తిరిగి కూర్చుని ఉండేవాడు.

అట్లాగని చెడ్డవాడా? కాదు. ఒక్క మాట తూలనాడలేదు, తాగి ఇంటికి రాలేదు, పూజిత చదువుతానంటే చదివించాడు. అన్నీ చేశాడు. పక్కన కూర్చోవడం ఒక్కటే చెయ్యలేదు. ఎదురింట్లో ఎవరో కుక్కర్ పెట్టారు, రెండో విజిల్ వచ్చింది. పైన మేడ మీద ఎవరిదో చీర గాలికి కొట్టుకుంటోంది. కొట్టానికి అటూ ఇటూ ఇప్పుడు నాలుగేసి అంతస్తులు, మధ్యలో ఈ రేకుల కొట్టం. మొదట వాళ్లు పెండవాసన అన్నారు, తర్వాత దోమలన్నారు, తర్వాత ఏమీ అనకుండా కిటికీలు మూసుకోవడం మొదలుపెట్టారు. మూసీ గడ్డి దొరకడం తగ్గింది. ఆయన మోకాలు వాచింది. ఇవన్నీ కారణాలే, ఎవరడిగినా ఇవే చెబుతారు. కానీ అసలు సంగతి కొమురమ్మకు తెలుసు, ఆయనకూ తెలుసు. అమ్మెయ్యమని అన్నది ఆమె. పోయిన ఎండాకాలం, నీళ్ల బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసి, బర్రెలు తాగే గోలెం పక్కనే కూర్చుండిపోయి, "ఇగ నాతోని గాదు. నీతోని గూడ గాదు. అమ్మేయ్" అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. మర్నాడు బీరయ్యకు ఫోన్ చేసింది కూడా ఆమే. బీరయ్య వరుసకు మరిది, శంషాబాద్ అవతల పెద్ద కొట్టం ఉంది. వచ్చి మూడు బర్రెలను తోలుకుపోయాడు. బోనాలు అయ్యాక మళ్లీ వచ్చి గౌరిని కూడా తోలుకుపోయాడు.

గౌరి ఇంట్లో పుట్టిన బర్రె. దాని తల్లీ ఈ ఇంట్లోనే పుట్టింది. ఆ రోజు బీరయ్య కొత్త తాడు తెచ్చాడు, తెచ్చుకోవాలి, ఎందుకంటే బర్రెను అమ్ముతారు గానీ పలుపును అమ్మరు. మెడన ఉన్న పలుపు విప్పి ఇంటివాళ్లు ఉంచుకుంటారు, కొన్నవాడు తన తాడు కట్టుకుని తోలుకుపోతాడు. పలుపు పరాయి చేతికి పోతే దాని వెంట ఇంటి పాడి కూడా పోతుందని నమ్మకం. ఆయన గౌరి మెడలో ముడి విప్పడానికి ఎంతసేపు పట్టిందో. ఒక్క గుంజుడుకు వచ్చే ముడి. బీరయ్య ఎటో చూస్తూ బీడీ కాల్చుకున్నాడు, పాపం మంచివాడు. విప్పిన పలుపును ఆయన నాలుగు చుట్లు చుట్టి, లోపలికి తెచ్చి, మల్లన్న పటం కింద మేకుకు తగిలించాడు. ప్రతి శుక్రవారం ఆమె దానికి పసుపు కుంకుమ పెడుతుంది. ఆయన బయటికి పోయేముందు ఒకసారి తాకి కళ్లకద్దుకుంటాడు. బర్రెలే లేని ఇంట్లో పాడి ఎక్కడుంటుంది, ఆ తాట్లోనా, అని ఆమెకు ఒకటి రెండు సార్లు అనిపించింది, వెంటనే చెంపలేసుకుంది.

ఆ రోజు నుంచీ ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. అదే వచ్చిన చిక్కు. అని ఉంటే బాగుండేది, గొడవ పెట్టుకుంటే ఇంకా బాగుండేది, లొల్లి చేసి, కంచం విసిరి, నీ వల్లే అని ఉంటే తనూ అమ్మ శవం ముందు నుంచి నువ్వు పోలేదా అని అనేసేది, లెక్క సరిపోయేది. ఏమీ అనలేదు. ఉప్పు తక్కువైతే ఉప్పు అడుగుతాడు. కరెంటు పోతే కరెంటు పోయిందంటాడు. దీపావళి తర్వాత బర్రెల పండగ, సదర్ రోజున గల్లీ చివర డప్పులు మోగుతుంటే, అందరి బర్రెలూ కొమ్ములకు రంగులేసుకుని పోతుంటే, తలుపు వేసుకుని పడుకున్నాడు. మోతి ఒక్కటే రోడ్డు దాకా పోయి, ఒక్కొక్క బర్రెనూ వాసన చూసి, తిరిగొచ్చి ఆయన మంచం కింద దూరింది. కోపం ఉందా, లేదా? తన మీదా, కాలం మీదా? ఇవాళ ఆయన బండి ఎక్కితే కోపం లేదని అర్థం, ఎక్కకపోతే ఉందని. ఇట్లా ఎవరూ చెప్పలేదు, ఆమే పెట్టుకుంది, చారు గిన్నె కడుగుతున్నప్పుడు. పెట్టుకున్నాక ఇక తీసెయ్యడం చేతకావడం లేదు.

మోతి కూడా పిచ్చిది. తొమ్మిదేళ్ల కిందట వానలో తడిసి, పిడికెడంత ఉండి, ఎట్లా దూరిందో దూడ గడ్డిలో దూరి పడుకుంది. పొద్దున చూస్తే దూడ దాన్ని నాకుతోంది. అట్లా కొట్టం కుక్క అయింది. ఎవరూ కట్టెయ్యలేదు, ఎవరూ నేర్పలేదు, బర్రెలను నీళ్లకు తోలితే తనే ముందు నడిచేది, కొత్తవాడు గుమ్మంలోకి వస్తే పళ్లు చూపేది. మూడింటికి ఆయన పిండడం మొదలుపెట్టగానే పక్కన కూర్చునేది, మొదటి నురుగు పగిలిన మూతలో పోసి దాని ముందు పెట్టాకే క్యాన్ నింపేవాడు. ఇప్పుడు ఇంట్లోకి ప్యాకెట్ పాలు వస్తున్నాయి. మొదటిరోజు అదే మూతలో పోసి పెడితే మోతి ఒకసారి వాసన చూసి, కొమురమ్మ ముఖంలోకి చూసి, వెళ్లిపోయింది. ఆ చూపు అత్తగారు కూడా ఎప్పుడూ చూడలేదు.

ఈ సముద్రం సంగతి పూజితే మొదలుపెట్టింది. "ఇగ బర్రెలు లేవు గదా అమ్మా, ఇప్పుడు గూడ ఇద్దరు కలిసి పోకుంటే ఎప్పుడు పోతరు" అంది. ఆ పిల్ల ఆస్పత్రిలో రక్తపరీక్షల పని చేస్తుంది, ఏదైనా పట్టుకుంటే వదలదు. సముద్రం ఎట్లుంటదే అని అడిగితే "నీళ్లు అమ్మా" అంది. ఎన్ని నీళ్లు? "మస్తు." అవతలి ఒడ్డు కనబడుతుందా? కనబడదట. కొమురమ్మకు అవతలి ఒడ్డు లేని నీళ్లు ఎంత ఆలోచించినా కంటికి రావడం లేదు, ప్రతిసారీ గోలెం అంచు వచ్చేస్తోంది. చూడాలి. ఆయన పక్కన నిలబడి చూడాలి, అంతే, మాట్లాడకపోయినా సరే. మోతిని కూడా తీసుకెళ్దామని పూజితే అంది, బాపు మోతిని విడిచి రాడని ఆ పిల్లకు ముందే తెలుసు. కుక్కను రానిచ్చే చోటు కోసం ఎందరికో ఫోన్లు చేసింది. ఒకరు వద్దన్నారు. ఒకరు ఏం జాతి మేడమ్ అని అడిగితే తమ బస్తీ పేరే, "ఛత్రినాక" అని చెప్పి పెట్టేసింది. చివరికి ఒకాయన, కట్టేసి ఉంచుతామంటే సరే, కరవదని ఇంటి పెద్ద మాటివ్వాలి అన్నాడు. పూజిత ఫోన్ బాపు చేతికిచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, జీవితమంతా బర్రెల బేరాల్లో చెప్పిన మాటలే చెప్పాడు, "ఫికర్ జేయకు అన్నా, తొమ్మిదేండ్లు, పండ్లు మంచిగున్నయ్, తన్నది, పొడవది, కొత్త చెయ్యికి గూడ అల్వాటైతది" అని. అవతల ఆయన "పొడవదా? ఏం తెస్తున్నారండీ మీరు?" అని గాబరాపడ్డాడు. పూజిత ఫోన్ లాక్కుని సర్దిచెప్పేటప్పటికి అభిషేక్ కడుపు పట్టుకుని గోడకు ఒరిగిపోయాడు. ఆయన కూడా నవ్వాడు. నవ్వాడు, ఆమె చూసింది, మీసాల కింద. గౌరి పోయాక అదే మొదటిసారి. అంటే ఆ రోజు రావాలనే ఉంది. ఉంది కదా!

పోయిన ఆదివారం చెడింది. అలవాటు చేద్దామని పూజిత ఎర్రటి బెల్టు కొనుక్కొచ్చి మోతి మెడకు పెట్టింది, అభిషేక్ కారు తలుపు తీశాడు. తొమ్మిదేళ్లలో మెడ మీద దారప్పోగు కూడా లేని కుక్క. అది అరిచిన అరుపుకు నాలుగంతస్తుల కిటికీలూ తెరుచుకున్నాయి. గోళ్లు నేలలోకి దించి, వెనక్కి వెనక్కి జరిగి, తల విదిలించి బెల్టులోంచి జారిపోయింది, రెండు రోజులు కొట్టం వెనక రేకుల సందులోంచి బయటికి రాలేదు. ఆయన ఆ సందు ముందు బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాపి, "రా బిడ్డా, ఎవ్వలు కట్టేయరు, నేనున్న" అంటూ గంటసేపు బతిమాలాడు. కొమురమ్మ గోడ చాటున నిలబడి విన్నది. ఈ మనిషికి ఈ గొంతు ఉందా అనుకుంది. పురుడు పోసుకున్నప్పుడు, నడుము పట్టేసినప్పుడు, అమ్మ పోయినప్పుడు ఈ గొంతు ఎక్కడ దాచాడు అనుకుంది. కుక్క మీద ఈర్ష్యపడే వయసా తనది, అని సిగ్గు కూడా పడింది. సిగ్గు పడింది గానీ ఈర్ష్య పోలేదు.

ఆమె లేచి చెప్పుల్లేకుండానే వాకిట్లోకి వెళ్లింది. కొట్టం గుమ్మంలోంచి చూస్తే ఇద్దరూ కనబడ్డారు. ఆయన ఎప్పటి రాతి మీదే కూర్చున్నాడు, పొదుగు ఉండే ఎత్తుకు సరిగ్గా సరిపోయే రాయి. మోతి పక్కన, చెవులు నిక్కించి, ఎదురుగా ఉన్న ఖాళీ వైపే చూస్తోంది. ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి. ఒళ్లో ఊరికే లేవు. బొటనవేలు మడతపడుతోంది, వేళ్లు ఒకటి తర్వాత ఒకటి మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి, కుడి, ఎడమ, కుడి, ఎడమ. పిండుతున్నాడు. పిండుతున్నట్టు ఆయనకే తెలియదు. కోపం గురించే ఆలోచిస్తూ కూర్చుంది తను, ఇన్నాళ్లూ. ఇది కోపం కాదు. ఈ మనిషి భయపడుతున్నాడు. మూడింటికి ఈ రాయి మీద లేకపోతే తను ఎవరో ఆయనకు తెలియదు. ముప్పైరెండేళ్లు పెళ్లిళ్లలోంచీ చావుల్లోంచీ పారిపోయి ఈ రాయి మీదకు చేరుకున్నాడు, ఇప్పుడు బర్రెలు పోయాయి గనక కుక్కను బర్రె చేసుకున్నాడు, ఉండిపోవడానికి.

"ఏమయ్యా. ఇంకో అర్ధగంటల పిల్లలొస్తరు."

"అన్న గదా. నువ్వు పోయిరా." ఆయన తల తిప్పలేదు. "మోతి ఎక్కది. బలవంతం జేస్తే గుండె ఆగి సస్తది."

"అదెక్కితే నువ్వు ఎక్కుతవా మరి?"

ఆయన వేళ్లు ఆగాయి. "కట్టెయ్యకుంటే రానియ్యనన్నడు గదా ఆ ఫోన్లాయన. అది కట్టు పడది" అన్నాడు, తనలో తనే మాట్లాడుకున్నట్టుగా. ఆమె నిలబడింది. నువ్వు మా అమ్మను ఎత్తేదాకా ఉండలేదు, ఇప్పుడైనా నా పక్కన నిలబడు, అని అందామనుకుంది, నోటి దాకా వచ్చింది, కానీ అట్లాంటి మాట ఎట్లా మొదలుపెట్టాలో ఈ ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. "చాయ్ పెట్టాల్నా?" అంది. వద్దన్నాడు.

లోపలికి వచ్చింది. సంచులను చూసింది. ఆయన లుంగీలు తీసేసి సంచి ఖాళీ చెయ్యాలి, అభిషేక్ చూసి ఏమనుకుంటాడో. జిప్పు సగం తీసింది. తన ఒక్కదాని చెప్పులు, కూతురూ అల్లుడూ ఫోటోలు దిగుతుంటే సంచి పట్టుకుని పక్కన నిలబడే తను, ఆ నీళ్లు, అవతలి ఒడ్డు లేని నీళ్లు. మళ్లీ జిప్పు వేసింది. కట్టు పడది. నిజమే, కొత్త తోలు బెల్టు, దుకాణం వాసన, మోతికి అది ఏమవుతుంది? అది పుట్టి బుద్ధెరిగాక మూతి పెట్టి పడుకున్నది గౌరి మెడ కింద. చలికాలం గౌరి నెమరేస్తుంటే ఆ గంగడోలు కింద దూరి, పలుపు నోట పట్టుకుని నములుతూ నిద్రపోయేది. పలుపు మీద ఒక చోట పీచు లేచి ఉంటుంది, అది మోతి పళ్లే. కొమురమ్మ తల ఎత్తి మల్లన్న పటం కిందికి చూసింది. వెంటనే చూపు దించుకుంది. తప్పు. శుక్రవారం పూజ చేసే పలుపు, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పాడి, తీసుకుపోయి కుక్క మెడకు కడతావా? అత్తగారు బతికుంటే చెయ్యి విరిచేది. పైగా బయటికి, ఇంత దూరం, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతుందో. కానీ పాడి అంటే ఏంది, పాడి అంటే ఇంట్లో బతికేదే కదా, ఇంట్లో ఇంక బతికున్నవి మూడు ప్రాణాలు, రెండు రాయి దగ్గర కూర్చున్నాయి, ఒకటి ఇక్కడ సంచి పట్టుకుని నిలబడింది. మల్లన్నా, తప్పయితే నా నెత్తిన వెయ్యి, ఆయన నెత్తిన వెయ్యకు, అని ఆమె పైకే అనేసి, ముక్కాలిపీట వేసుకుని, మేకు మీంచి పలుపు తీసింది. పసుపు రాలి కొంగు మీద పడింది. దాని కింద ఇంకా గౌరి ఉంది. చెమట, పెండ, తౌడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏడుపొచ్చింది. తను కూడా ఆ బర్రెను కడిగింది కదా పదేళ్లు, ఎవరైనా అడిగారా తనకెట్లా ఉందని.

వాకిట్లో కూర్చుని "మోతీ" అని మెల్లగా పిలిచింది. రెండోసారి పిలవాల్సి రాలేదు. గాలి అటే ఉంది కాబోలు, కుక్క కొట్టంలోంచి దూసుకొచ్చి ఆమె ఒళ్లో పలుపులోకి మూతి దూర్చింది. కుయ్ కుయ్ మంది, తోకతో పాటు ఒళ్లంతా ఊపింది, తాడును నాకింది, పీచు లేచిన చోటు వెతికి నోట పట్టుకుంది. కొమురమ్మ దాన్ని మెడ చుట్టూ తిప్పి, బర్రెకు వేసే ముడే, ఇంకోటి ఆమెకు రాదు, వేసింది. మోతి కళ్లు మూసుకుంది.

అప్పుడే హారన్ మోగింది. గల్లీలో ఆటో ఒకటి అడ్డముందేమో మళ్లీ మోగింది. పూజిత మెడలో ఆస్పత్రి కార్డు కూడా తియ్యకుండా పరుగెత్తుకొచ్చి, వాకిట్లో చూసి నిలబడిపోయింది. "అమ్మా! కట్టేసినవా? ఊకున్నదా?" వెనక అభిషేక్ నవ్వుతూ వచ్చాడు, చెయ్యి చాపాడు. "ఇటియ్యిండ్రి అత్తమ్మా, వెనక సీట్ల కూసోవెడ్త." కొట్టం గుమ్మంలో బాలనర్సింహ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో. ఆయన చూపు కుక్క మీద లేదు, పలుపు మీద ఉంది. ముఖంలో రక్తం లేదు. కొమురమ్మ ఆ ముఖాన్ని చూసింది, అల్లుడి చేతిని చూసింది. అల్లుడు మంచివాడు, కొడుకు లేని లోటు తీర్చినవాడు, అయినా ఇంకో ఇంటివాడు. వద్దు బిడ్డా నేనే పట్టుకుంట అనొచ్చు. అంటే ఆయన మళ్లీ వెళ్లి రాయి మీద కూర్చుంటాడు. మల్లన్నను ఇంకోసారి తలుచుకుని, ఆమె పలుపు కొసను అల్లుడి చేతి వైపు చాపింది.

"ఆగు!"

మోకాలి నొప్పి ఏమైందో, నాలుగు అంగల్లో వచ్చి ఆయన మధ్యలోనే కొసను అందుకున్నాడు. అభిషేక్ బిత్తరపోయాడు. "పలుపు ఇంటోళ్ల చేతిలనే ఉండాలె" అన్నాడు ఆయన, రొప్పుతూ.

"నేను ఇంటోన్ని గానా మామా?"

"నువ్వు బంగారం అసుంటోనివి బిడ్డా. గని పలుపు వట్టుకోవద్దు."

"మరి గంత దూరం ఎవలు వట్టుకుంటరు?" అని కొమురమ్మ అడిగింది. గొంతు మామూలుగానే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. పూజిత ఏదో అనబోయి, తల్లి ముఖం చూసి ఊరుకుంది. ఆయన చేతిలోని తాడును చూశాడు, కుక్కను చూశాడు, అది అప్పటికే ఆయన లుంగీకి మూతి ఆనించి నిలబడింది, కొట్టాన్ని చూశాడు, లోపల ఆ రాయి, దాని మీద రేకు సందులోంచి పడే ఎండ. ఎంతసేపు చూశాడో. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"నా చెప్పులేవి?"

కొమురమ్మ వెళ్లి తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

ఆయన కారెక్కాడు, పలుపు వెంట మోతి ఎక్కింది, గౌరి వెనక కొట్టంలోకి పోయినట్టే, దాని వెనక ఆమె. సంచులు డిక్కీలో పెట్టి పూజిత ముందు కూర్చుంది. కారు గల్లీ దాటింది, కూరగాయల బండ్లు దాటింది, చౌరస్తాలో బస్సు వెనక ఆగింది. మోతి కాసేపు వణికి, తర్వాత ఇద్దరి మధ్యా తాడు నములుతూ పడుకుంది. ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు, "ఏమే. కావాల్ననే అభిషేక్‌కు ఇయ్యవోయినవు గదా."

"ఆఁ."

"గౌరిని అమ్మిన్నాడు నీ మీద మస్తు కోపమొచ్చింది."

"తెల్సు."

"ఇంకా ఉన్నది. జరంత."

"ఉండనియ్" అంది కొమురమ్మ. "నాకు గూడ ఉన్నది. అమ్మ పోయిన్నాటిది."

ఆయన తిరిగి ఆమె వైపు చూశాడు. చేతిలో మిగిలిన పలుపు కొసను కుక్క వీపు మీదుగా ఆమె ఒళ్లోకి జరిపాడు. "నువ్వు గూడ వట్టుకో" అన్నాడు. "నాకు నిద్రొస్తాంది, జారిపోతది."

సాగర్ రోడ్డు ఎక్కకముందే ఆయనకు నిద్రపట్టింది. పగటిపూట ఆయన నిద్రపోగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఒళ్లో చేతులు కదలడం లేదు. కొమురమ్మ పలుపు కొసను అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది.